పదకొండు మంది ఒక్కసారిగా

ముందుగా ఒక ఒప్పుకోలు. జాన్ కోల్ట్రేన్ ‘అసెన్షన్’ను మొదటిసారి విన్నప్పుడు నేను ఏడు నిమిషాలు దాటలేకపోయాను. ఒక మిత్రుడు కాపీ చేసి ఇచ్చిన సీడీ అది. డబ్బా మీద అట్ట లేదు, ఎవరెవరు వాయించారన్న వివరమూ లేదు. రాత్రి పది దాటాక, ఇల్లంతా సద్దుమణిగాక పెట్టుకున్నాను. రెండో నిమిషంలో మా అమ్మ పక్కగదిలోంచి వచ్చి, “ఏమిట్రా, ఆ పెట్టె పాడైపోయిందా?” అని అడిగింది. లేదమ్మా, పాటే అన్నాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఇంకో ఐదు నిమిషాలు పట్టుదలగా కూర్చుని, ఆ తర్వాత నేనూ ఆపేశాను.

మనలో చాలామందికి శాక్సఫోన్ అనగానే కద్రి గోపాల్‌నాథ్ గుర్తుకొస్తారు. ఆ పరాయి వాద్యం చేత ఆయన గమకాలు పలికించిన తీరుకు అలవాటుపడిన చెవికి, ఐదు శాక్సఫోన్లూ రెండు ట్రంపెట్లూ ఒకదాని మీద ఒకటి పడి అరుస్తూంటే ఏం తోస్తుంది? గొడవ అని తోస్తుంది. అలా తోచడం తప్పని నేననను. జాజ్‌నే వృత్తిగా పెట్టుకున్న విమర్శకులకు కూడా అలాగే తోచింది. కాని ఆ గొడవకు ఒక చరిత్ర ఉంది, దాని లోపల ఒక నిర్మాణం ఉంది, దానికి చెల్లించిన మూల్యమూ ఉంది. చాలా ఏళ్ళుగా ఆ రికార్డులను వింటూ వస్తున్నాను కనుక వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

కథ 1960 డిసెంబర్ 21న మొదలవుతుంది. అంతకు ముందు ఏమీ లేదని కాదు. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన తొలినాటి జాజ్‌లోనే నలుగురైదుగురు కలిసి ఏకకాలంలో ఆశువుగా వాయించే సంప్రదాయం ఉంది. 1949లో లెనీ ట్రిస్టానో ముందు అనుకున్న రాగమూ తాళమూ లేకుండా రెండు చిన్న రికార్డులు చేశాడు. కాని ఆర్నెట్ కోల్‌మన్ ఆ డిసెంబర్ రోజున చేసిన పని వేరు. టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్ నుంచి వచ్చి, ప్లాస్టిక్ శాక్సఫోన్ వాయిస్తూ, ఏడాది క్రితమే న్యూయార్క్‌ను రెండుగా చీల్చిన మనిషి ఆయన. ఈసారి ఒక బృందం చాలదనుకుని రెండు బృందాలను స్టూడియోకి పిలిపించాడు. ఎడమ చెవిలో కోల్‌మన్, డాన్ చెరీ, స్కాట్ లఫారో, బిల్లీ హిగ్గిన్స్. కుడి చెవిలో ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడీ హబ్బర్డ్, చార్లీ హేడెన్, ఎడ్ బ్లాక్‌వెల్. అంటే ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు బాస్ వాద్యకారులు, నలుగురు ఊదేవాళ్ళు. ఎక్కడా ఆపకుండా, అతుకులు వేయకుండా ముప్ఫై ఏడు నిమిషాల చిల్లర వాయించారు. రికార్డు పేరు ‘ఫ్రీ జాజ్’. తర్వాత ఒక సంగీత శాఖకే అది పేరయింది.

స్టీరియో అన్నది అప్పటికింకా కొత్త సంగతి. ఆ కొత్తదనాన్ని అలంకారంగా కాక అవసరంగా వాడుకున్న రికార్డుల్లో దీన్ని చెప్పుకోవాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే గందరగోళం సగం తగ్గిపోతుంది. ఎడమవైపు ఎవరున్నారో, కుడివైపు ఎవరున్నారో తెలుస్తుంది. మొదట డాల్ఫీ బాస్ క్లారినెట్ మీద మాట్లాడతాడు, తర్వాత హబ్బర్డ్, తర్వాత కోల్‌మన్, చెరీ, ఇద్దరు బాస్‌లు, చివరికి ఇద్దరు డ్రమ్మర్లు. ఒకరి వంతుకూ మరొకరి వంతుకూ మధ్య అందరూ కలిసి వాయించే చిన్న చిన్న ఖండికలు ముందుగా రాసుకున్నవే. ఒకరు వాయిస్తూండగా మిగతావాళ్ళు నోరు మూసుకు కూర్చోనక్కర్లేదు. ఊ కొట్టవచ్చు, ఎదురు చెప్పవచ్చు, అతను వదిలేసిన మాటను అందుకోవచ్చు. మన కచేరీలో వయొలిన్ పాటగాడి వెంట నడుస్తుందే, అలాంటి వెంట నడిచేవాళ్ళు ఏడుగురున్నారనుకోండి. ఎవరు ఎప్పుడు నడవాలో ఎవరూ చెప్పలేదు. అంతే తేడా. ఆ తేడా చిన్నది కాదు.

నన్ను ఆశ్చర్యపరిచేది కింద ఉన్న లయ. పైన ఎంత అల్లరి జరుగుతున్నా హిగ్గిన్స్, బ్లాక్‌వెల్‌లు నడక తప్పరు. కాలు ఆడించుకుంటూ వినవచ్చు. ఈ రికార్డును దుర్గ్రాహ్యమన్నవాళ్ళు డ్రమ్స్ మీద చెవి పెట్టి ఉండరని నా అనుమానం. ఇంకో సంగతి. ఎరిక్ డాల్ఫీ అదే రోజున హడ్సన్ నది అవతల న్యూజెర్సీలో తన సొంత రికార్డు ‘ఫార్ క్రై’ కూడా చేశాడు. ఒక్క రోజులో రెండు లోకాలు!

1961లో విడుదలైనప్పుడు అట్టకు ఒక కిటికీ కత్తిరించి, అందులోంచి జాక్సన్ పొలాక్ చిత్రం ‘వైట్ లైట్’ కనబడేట్టు చేశారు. ‘డౌన్‌బీట్’ పత్రిక దీనిమీద ఇద్దరు విమర్శకుల చేత రాయించింది. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చాడు. రెండో ఆయన ఒక్కటీ ఇవ్వలేదు. ఆ ఇద్దరి వాదమూ అరవై ఏళ్ళు దాటినా తేలలేదు. ఈ తగాదా మొదలవడాన్ని చూడనివాడు స్కాట్ లఫారో ఒక్కడే. 1961 జులైలో, రికార్డు బజారులోకి రాకముందే, కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై అయిదేళ్ళు. అతనికీ హేడెన్‌కూ మధ్య జరిగే ఆ నెమ్మది సంభాషణను విన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుకొచ్చి నాకు వినడం కష్టమవుతుంది.

ఇక ‘అసెన్షన్’. 1965 జూన్ 28, న్యూజెర్సీలోని వాన్ గెల్డర్ స్టూడియో. ‘ఎ లవ్ సుప్రీమ్’ రికార్డు చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కోల్ట్రేన్ అప్పుడు కీర్తి శిఖరం మీద ఉన్నాడు. మెకాయ్ టైనర్ పియానో, జిమీ గారిసన్ బాస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఉన్న ఆ చతుష్టయం జాజ్ ప్రపంచంలో సాటిలేనిదని శత్రువులు కూడా ఒప్పుకుంటున్న కాలం. అలాంటప్పుడు ఆ నలుగురికి ఇంకో ఏడుగురిని కలిపాడు. ఫారో సాండర్స్, ఆర్చీ షెప్, మారియన్ బ్రౌన్, జాన్ చికాయ్ శాక్సఫోన్లు. డూయీ జాన్సన్, ఫ్రెడీ హబ్బర్డ్ ట్రంపెట్లు. ఆర్ట్ డేవిస్ రెండో బాస్. హబ్బర్డ్ తప్ప తక్కిన ఊదేవాళ్ళలో చాలామంది అప్పటికి పెద్దగా పేరులేని కుర్రవాళ్ళు. పేరున్న మనిషి పేరులేని వాళ్ళను పిలిచి తనతో సమానంగా నిలబెట్టి, పెద్ద కంపెనీ మైకుల ముందు వాళ్ళ చేత వాయింపజేశాడు. ఈ రికార్డు వెనుక ఉన్న ఔదార్యం గురించి విమర్శకులు ఎక్కువగా మాట్లాడరు. నాకు మాత్రం ముందు అదే వినబడుతుంది.

వాళ్ళ చేతికిచ్చింది చాలా కొద్ది: ఒక చిన్న స్వరమాల, కొన్ని స్వరసంపుటులు. వాటిని అంటిపెట్టుకోవడమూ వదిలేయడమూ వాద్యకారుల ఇష్టం. మొదట పదకొండు మందీ కలిసి సుమారు మూడు నిమిషాలు. అందులోంచి కోల్ట్రేన్ ఒక్కడూ పైకి లేస్తాడు. మళ్ళీ అందరూ. అందులోంచి జాన్సన్. మళ్ళీ అందరూ. సాండర్స్. ఇలా నలభై నిమిషాలు.

ఈ క్రమాన్ని నాకు చూపించింది పుస్తకం కాదు, మా అమ్మ. ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది, ఇంటి పనుల్లో పడి వదిలేసింది. మొదటి రాత్రి జరిగిన మూడు నాలుగేళ్ళకు, ఒక మధ్యాహ్నం నేనిది మళ్ళీ పెట్టుకుని కుస్తీ పడుతూంటే, ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఒక పావుగంటయ్యాక లోపలికి వచ్చి, “అందరూ కలిసి అంటున్నారు, తర్వాత ఒక్కడు అంటున్నాడు, మళ్ళీ అందరూ అంటున్నారు. భజనలాగే ఉందిగా. ఆ ఒక్కడూ అంటున్నప్పుడు కూడా తక్కినవాళ్ళ ఊపు వాడి గొంతులో ఉంది” అని కాయలు తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను అప్పటిదాకా ఈ రికార్డులో వ్యక్తులను వెతుక్కుంటున్నాను. గుంపును వినడం లేదు. కోల్ట్రేన్ ఎక్కడ, షెప్ ఎక్కడ అని తడుముకునేవాడికి అక్కడ దొరికేది గందరగోళమే. గుంపే అసలు పాట అనుకుని వింటే, ఒక్కొక్కడూ ఆ గుంపులోంచి ఏం తీసుకుని బయటికి వస్తున్నాడో వినబడుతుంది. సాండర్స్ తీసుకున్నది కేక. చికాయ్ తీసుకున్నది మాటల్లాంటి చిన్న చిన్న తునకలు. టైనర్ వంతు వచ్చేసరికి వాన వెలిసినట్టు ఉంటుంది.

భజన అన్న పోలికను ఎక్కువ దూరం లాగకూడదని నాకు తెలుసు. ఆ గుంపు గొంతు ఆఫ్రికన్ అమెరికన్ల ప్రార్థనా మందిరాల్లోంచి వచ్చింది. ఒక మనిషి పిలవడం, సభ అంతా బదులు పలకడం వాళ్ళ తాతముత్తాతల సొత్తు. అది వాళ్ళది, మనది కాదు. అయితే కోల్ట్రేన్ చూపు అప్పటికే మన వైపు తిరిగి ఉందన్నది మాత్రం నిజం. ‘అసెన్షన్’ తర్వాత ఆరు వారాలు తిరగకుండా, ఆగస్టు 6న, పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరు మీద రవి అని పేరు పెట్టుకున్నాడు. భార్య ఆలిస్ కోల్ట్రేన్ తరువాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపి, అక్కడ భజనలు స్వరపరిచింది. అది మరో టపాకు సరిపడే కథ.

‘అసెన్షన్’ను ఆ రోజు రెండుసార్లు వాయించారు. 1966లో మొదట ఒక కూర్పు విడుదలైంది. తర్వాత కోల్ట్రేన్‌కు రెండోదే నచ్చడంతో, అట్ట మార్చకుండా, సంఖ్య మార్చకుండా, లోపలి రికార్డును మాత్రం మార్చేశారు. రికార్డు అంచున గీసిన ‘ఎడిషన్ టూ’ అన్న అక్షరాలే గుర్తు. ఇంటికి తీసుకెళ్ళినది ఏదో కొన్నవాడికే తెలియదు! మొదటి దానిలో ఎల్విన్ జోన్స్ ఏకాంత వాద్యం ఉంది, రెండో దానిలో లేదు. షెప్, చికాయ్, బ్రౌన్‌ల వరస కూడా మారింది. ఇప్పుడు రెండూ ఒకే సీడీలో దొరుకుతున్నాయి. కోల్ట్రేన్ మాట కాదని నేను మొదటిదాని వైపే మొగ్గుతాను. కారణం ఎల్విన్ జోన్సే.

మూల్యం గురించి అన్నాను కదా. ఆ ఏడాది చివరికి టైనర్ బృందాన్ని వదిలి వెళ్ళాడు. 1966 మొదట్లో జోన్స్ వెళ్ళిపోయాడు. శ్రోతలూ చాలామంది వెళ్ళిపోయారు. 1967 జులై 17న కోల్ట్రేన్ నలభై ఏళ్ళకే కన్నుమూశాడు. ఆ చివరి రెండేళ్ళలో ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఒక రోజు కోసం పదకొండు మందిని పోగుచేయడం ఒక ఎత్తు. బృందాన్ని ఏళ్ళ తరబడి పోషించడం మరో ఎత్తు. సన్ రా చేసింది ఆ రెండోది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో 1914లో హెర్మన్ బ్లౌంట్‌గా పుట్టి, తన జన్మస్థలం శనిగ్రహమని ప్రకటించుకున్న ఈ మనిషిని చూసి నవ్వుకోవడం సులభం. నేనూ నవ్వుకున్నాను. కాని గాయకుణ్ణి గదిలోకి రానివ్వని ఊరిలో పుట్టినవాడు, నేను మీ ఊరివాణ్ణే కాదు, మీ గ్రహంవాణ్ణే కాదు అనడంలో ఎంత లెక్క ఉందో తర్వాత అర్థమయింది. ఆయన ‘ఆర్కెస్ట్రా’ సభ్యులు ఒకే ఇంట్లో కలిసి ఉండేవారు. పొద్దస్తమానం సాధన. సొంత సాటర్న్ సంస్థ, చేత్తో రంగులు వేసిన అట్టలు, కచేరీ అయ్యాక అక్కడే అమ్మకం. 1965లో చేసిన ‘ది మాజిక్ సిటీ’ వినండి. ఇరవై ఏడు నిమిషాల ఆ రచన పేరు ఆయన పుట్టిన ఊరికి రైల్వేస్టేషన్ ముందు తగిలించిన బిరుదే. సన్ రా చేతి సైగలతో ఒకరిని ఆపి ఇద్దరిని లేపుతూ నడిపిస్తాడు. ‘అసెన్షన్’ ఊపిరాడనివ్వకపోతే, ఇందులో ఖాళీ జాగా చాలా ఉంటుంది. 1993లో సన్ రా పోయాడు. ఆల్టో శాక్సఫోన్ వాయించే మార్షల్ అలెన్ తర్వాత బృందం పగ్గాలు చేపట్టి, 2024లో నూరేళ్ళు నిండించుకున్నాడు.

న్యూయార్క్‌లో బిల్ డిక్సన్ 1964 అక్టోబరులో నాలుగు రోజుల ఉత్సవం జరిపి, కళాకారుల సంఘం ఒకటి పెట్టాడు. ఏడాది తిరగకుండానే తగువులతో విడిపోయింది. అందులోంచే మైకేల్ మాంట్లర్, కార్లా బ్లేల ‘జాజ్ కంపోజర్స్ ఆర్కెస్ట్రా’ మిగిలింది. వాళ్ళ 1968 నాటి జంట రికార్డులో సెసిల్ టేలర్ పియానోకూ పెద్ద వాద్యబృందానికీ మధ్య ముప్ఫై నిమిషాలకు పైగా సాగే ద్వంద్వయుద్ధం ఒక్కటి చాలు. తక్కినవి నాకు అంతగా పట్టుబడలేదు.

యూరప్‌లో ఈ విత్తనం వేరే నేల మీద పడింది. 1966 నవంబరులో అలెగ్జాండర్ ఫాన్ ష్లిపెన్‌బాఖ్ రెండు జర్మన్ బృందాలను కలిపి ‘గ్లోబ్ యూనిటీ’ అని బెర్లిన్ ఉత్సవంలో నిలబెట్టాడు. సభ రెండుగా చీలింది. ఆ బృందంలోనే ఉన్న పీటర్ బ్రోట్స్‌మన్ 1968 మేలో, బ్రెమెన్‌లోని ఒక చిన్న క్లబ్బులో, ఎనిమిది మందితో ‘మెషీన్ గన్’ రికార్డు చేశాడు. డాన్ చెరీ ఆయన వాయింపుకు పెట్టిన ముద్దుపేరు అది. తొలి ముద్రణ మూడు వందల ప్రతులు, సొంత ఖర్చు. ఆ నెలలో పారిస్ వీధులు ఎలా ఉన్నాయో, వియత్నాంలో ఏం జరుగుతోందో చెప్పనక్కర్లేదు. యుద్ధం ముగిసే రోజుల్లో ఊయలలో ఉన్న తరం జర్మన్లు తమ తండ్రులు ఏం చేశారని అడగడం మొదలుపెట్టిన రోజులవి. ‘అసెన్షన్’లో ఉన్న ప్రార్థన ఇందులో లేదు. ఉన్నది కోపం. అయితే ఆ పదిహేడు నిమిషాల చివర్లో అకస్మాత్తుగా ఒక నాటు డాన్సు పాటలాంటిది తల ఎత్తుతుంది చూడండి, అక్కడ నాకు నవ్వొస్తుంది. కోపిష్టి మనుషులకు కూడా హాస్యం ఉంటుందని అక్కడే నమ్మాను. బ్రోట్స్‌మన్ 2023లో పోయాడు.

చార్లీ హేడెన్‌ను మళ్ళీ తలుచుకోవాలి. ‘ఫ్రీ జాజ్’లో కుడి చెవిలో ఉన్న ఆ బాస్ వాద్యకారుడే 1969లో ‘లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా’ నెలకొల్పి, స్పెయిన్ అంతర్యుద్ధం నాటి పాటలను కార్లా బ్లే కూర్పుతో వాయింపించాడు. అందులోదే ‘సాంగ్ ఫర్ చే’. 1971లో కోల్‌మన్ బృందంతో పోర్చుగల్ వెళ్ళినప్పుడు, ఆ పాటను మొజాంబిక్, అంగోలా, గినీ విముక్తి పోరాటాలకు అంకితం చేస్తున్నానని వేదిక మీదే చెప్పాడు. అవి అప్పుడు పోర్చుగల్ వలసలు. మర్నాడు రహస్య పోలీసులు పట్టుకుపోయారు. అమెరికా రాయబార కార్యాలయం జోక్యంతో బయటపడ్డాడు. పాటకు పదును లేకపోతే పోలీసులెందుకు వస్తారు?

ఇదంతా చెప్పి, నాకు అన్నిటికంటె ఇష్టమైనదాన్ని చివరికి దాచుకున్నాను. దక్షిణాఫ్రికాలో క్రిస్ మెక్‌గ్రెగర్ అనే తెల్లజాతి పియానో వాద్యకారుడు నల్లజాతి మిత్రులతో కలిసి ‘బ్లూ నోట్స్’ అనే బృందం నడిపేవాడు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే వేదిక మీద కలిసి వాయించడం అక్కడి వర్ణవివక్ష పాలనలో గండమే. 1964లో ఫ్రాన్స్‌లో ఒక ఉత్సవానికి పిలుపు వస్తే దేశం వదిలారు. లండన్ చేరాక, 1970 ప్రాంతంలో, అక్కడి కుర్రవాళ్ళను కూడా కలుపుకుని ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ బ్రెత్’ కట్టారు. 1971 నాటి వాళ్ళ మొదటి రికార్డులో డూడూ పుక్వానా రాసిన ‘మ్రా’ ఉంది. డర్బన్, కేప్‌టౌన్ వీధుల్లో ఆడే పాటల్లాంటి వరస ఒకటి గిరగిరా తిరుగుతూంటుంది. ఒక్కొక్కడే దాని అంచు దాటి అరవడం మొదలుపెడతాడు. చివరికి అందరూ దాటిపోతారు, వరస మాత్రం ఎక్కడో కింద తిరుగుతూనే ఉంటుంది. స్వేచ్ఛ అంటే పాటను పగలగొట్టడమేనని బెర్లిన్ వాళ్ళు అనుకుంటున్న రోజుల్లో, ఇంటికి పోలేని ఈ మనుషులు పాటను ఒదులుకోలేదు.

ట్రంపెట్ వాయించే మోంగెజి ఫెజా 1975 డిసెంబరులో లండన్‌లో ముప్ఫై ఏళ్ళకు పోయాడు. 1990 ఫిబ్రవరిలో మండేలా జైలునుంచి బయటికి వచ్చాడు. అదే ఏడాది మే నెలలో మెక్‌గ్రెగర్, జూన్ నెలలో పుక్వానా మరణించారు. 1994 ఎన్నికలు చూసే భాగ్యం వాళ్ళకు లేకపోయింది. డ్రమ్మర్ లూయీ మొహోలో ఒక్కడూ 2005లో స్వదేశానికి తిరిగి వెళ్ళి, అక్కడే 2025 జూన్‌లో కన్నుమూశాడు.

వినాలనుకునే మిత్రులకు ఒక సలహా. ‘మ్రా’తో మొదలుపెట్టండి, అది ఎవరినీ భయపెట్టదు. తర్వాత ఇయర్‌ఫోన్లతో ‘ఫ్రీ జాజ్’. ‘మెషీన్ గన్’ను మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకోండి. ‘అసెన్షన్’ ఏడో నిమిషంలో ఆపేయాలనిపిస్తే ఆపేయండి, సీడీని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. నాది ఇంకా నా దగ్గరే ఉంది, అట్ట లేని ఆ డబ్బాతో సహా. దాని మీద మా అమ్మ చేతిరాతతో ‘గోల భజన’ అని రాసి ఉంటుంది.